తోడు రసం: దాన్‌బి చూసిన సీసా

పోయిన వారం దాన్‌బిని డాబా మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఎనిమిదేళ్ళ పిల్ల, జాడీలు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని, "అమ్మా, నేనొకటి చూశా!" అంటూ గెంతుతూ దిగుతోంది. "ఇప్పుడు కాదు, పనుంది" అంది వాళ్ళమ్మ సన్‌హ్వా. ఆ ఇంట్లో దాన్‌బికి రోజూ దొరికే జవాబు అదే కాబట్టి పిల్ల పెద్దగా నొచ్చుకోలేదు. చూసినదాన్ని బుగ్గన దాచుకుని, వినేవాళ్ళని వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చింది.

పెరట్లో వినేవాళ్ళకేం తక్కువ? గున్సాన్ ఊళ్ళోని ఆ నాలుగంతస్తుల పాత మేడలో ఆడవాళ్ళందరూ కలిసి చలికాలానికి కిమ్చి, అంటే కారం కాబేజీ పచ్చడి, పెట్టుకునే రోజది. రాత్రంతా ఉప్పులో ఊరిన కాబేజీలు నీళ్ళోడుతూ గుట్టగా పడున్నాయి. ఎర్ర ప్లాస్టిక్ తొట్టి చుట్టూ రబ్బరు తొడుగుల చేతులు కదులుతున్నాయి. కారం, వెల్లుల్లి, రొయ్యల ఊట కలిసిన వాసన వీధి చివరిదాకా కొడుతోంది.

సన్‌హ్వా కడుపులో కారం మాత్రం ఈనాటిది కాదు. మూడో అంతస్తులో అద్దెకు దిగిన మిరాన్ వచ్చిన ఏడాది నుంచీ అది మండుతూనే ఉంది. మిరాన్ వీధి మొగలో కూరల కొట్టు నడుపుతుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు, చేతిలో రుచి మాత్రం ఉంది. డాబా మీద వీళ్ళిద్దరి సోయా రసం ఊరే జాడీలూ పక్కపక్కనే ఉంటాయి. ఎండ ఒక్కటే, గాలి ఒక్కటే, సోయా ముద్దలు కొన్నది కూడా ఒక్క చోటే. అయినా మిరాన్ జాడీలో రసం నల్లగా మెరుస్తూ, కమ్మగా ఊరుతుంది. సన్‌హ్వా జాడీలో పోయినేడూ, ఈ ఏడూ కూడా తెల్లగా బూజు తేలింది. రసం చెడితే ఇంటికి మంచిది కాదని మా వైపు ఆడవాళ్ళ గట్టి నమ్మకం. ఎవరూ మొహం మీద అనలేదు గానీ, అనకుండా ఉండటంలోనే అంతా అనేశారు.

మొగుడు తేగ్యు, మిరాన్ కొట్టు నుంచి ముల్లంగి పులుసు తెచ్చుకున్న రోజున గిన్నె నాకినంత పని చేస్తాడు. అత్తగారు పొద్దున్నే మోకాళ్ళు పట్టుకుంటూ డాబా ఎక్కి, కోడలి జాడీని ఒకసారి తుడిచి, మిరాన్ జాడీ పక్కన చతికిలబడి నవ్వుతూ కూర్చుంటుంది. కోడలితో ఆవిడ అలా నవ్విన రోజు సన్‌హ్వాకి గుర్తు లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. అత్తగారి పల్లెలో వాళ్ళ అత్తగారి అత్తగారి కాలం నాటి ముసలి సోయా రసం ఉండేది. కొత్త జాడీలో అది ఒక గరిటెడు పోస్తే, పాలలో తోడు వేసినట్టు ఆ ఇంటి రుచి కొత్త రసానికి పడుతుంది. ఆ తోడు రసం అత్త చేతి నుంచి కోడలి చేతికి రావాలి. సన్‌హ్వా దాకా రాలేదు. "ఇల్లు మారేప్పుడు జాడీ పగిలిపోయిందమ్మా, చుక్క మిగల్లేదు" అంది అత్తగారు. సన్‌హ్వా నమ్మింది. నమ్మి, స్నానాల గదిలోకెళ్ళి ఏడ్చింది కూడా.

ఇదీ సంగతి. ఇక పెరట్లోకి వద్దాం.

దాన్‌బి తొట్టి చుట్టూ తిరుగుతూ దొరికిన చోటల్లా నోరు తెరుస్తోంది. కిమ్చి పెట్టే రోజున పిల్లల నోళ్ళు ఖాళీగా ఉండనివ్వరు. లేత ఆకు ఒకటి తుంచి, మధ్యలో కారపు ముల్లంగి పెట్టి, చుట్టచుట్టి నోట్లో కుక్కుతారు. నాలుగో చుట్ట మింగుతుండగా హోసు వాళ్ళమ్మ పట్టుకుంది.

హోసు వాళ్ళమ్మ అంటే ఆ మేడకంతా పెద్ద దిక్కు. ఆవిడ కింద గుసగుసలాడితే నాలుగో అంతస్తులో వినిపిస్తుంది. వీధిలోని వృద్ధుల భవనంలో మధ్యాహ్నం భోజనాల ఏర్పాట్లు చూసేది కూడా ఆవిడే. కొత్త నెల నుంచి అక్కడికి కూరలు మిరాన్ కొట్టు నుంచే తెప్పిద్దామని నలుగురిలో అప్పుడే అనేసింది. ఆ పని చేతికొస్తే మిరాన్ కొట్టు నిలబడుతుంది. రాకపోతే చలికాలం దాటడం కష్టమేనని మేడలో అందరికీ తెలుసు.

"ఏమే, ఇందాకట్నుంచి మెలికలు తిరిగిపోతున్నావ్? కడుపులో ఏముందో కక్కెయ్" అంది హోసు వాళ్ళమ్మ.

"డాబా మీద ఒకటి చూశా పెద్దమ్మా."

"దెయ్యాన్నా?"

"కాదు. మిరాన్ పిన్నిని. పిన్నేమో, అటూ ఇటూ చూసి..." అంటూ దాన్‌బి నడుం వంచి, పిల్లి అడుగులు వేసి, అచ్చం మిరాన్ లాగే పెదవి కొరుక్కుంది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "ఇలా ఏప్రాన్ కిందనించి సీసా తీసింది. తీసి, జాడీ మూత తీసి, గడగడా పోసేసింది! నల్లటి సోయా రసం!"

నవ్వు ఆగిపోయింది. తొట్టిలో చేతులు కూడా ఆగాయి.

"సీసాలోంచి జాడీలోకా?" అంది మొదటి అంతస్తు ముసలావిడ. "జాడీలోంచి సీసాలోకేమోనే?"

"అబ్బా, కాదు అమ్మమ్మా. సీసాలోంచే జాడీలోకి."

సన్‌హ్వా చేతిలో కాబేజీ సగం తెరిచి ఉంది. ఇప్పుడు ఒక్క మాట చాలు. నోర్ముయ్యవే, పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకు, అని ఒక్క మాట. రోజుకి పదిసార్లు అనే మాటే, నోటి చివరే ఉంటుంది. పిల్ల ఏం చూసిందో, ఏం అనుకుందో తెలియదు. కూరల కొట్టు ఆడమనిషి గురించి ఈ మాట, ఈ తొట్టి చుట్టూ, ఈ హోసు వాళ్ళమ్మ చెవిన పడితే ఏమవుతుందో సన్‌హ్వాకి తెలియనిది కాదు. ఆపాలి. తల్లి అన్నది ఆపాలి. ఆ సంగతి ఆమెకి చాలా స్పష్టంగా తెలుసు.

తెలిసీ ఆపలేదు. ఆ క్షణంలో ఆమె ఒంట్లో పాకిన హాయి అలాంటిది. ఓహో, అదా నీ చేతి రుచి? కొట్లో కొన్న సీసాలు తెచ్చి జాడీలో పోసుకుని, నేను పెట్టానంటూ మా అత్తగారి చేత శభాష్ అనిపించుకుంటున్నావా? రెండేళ్ళుగా బూజు తీసుకుంటూ, నాలో ఏం లోపం ఉందోనని కుమిలిపోయాను కదే! నాకు లేనిది నీకూ లేదన్నమాట! పైగా, నేనేం అనలేదు కదా, పిల్ల చూసింది, పిల్ల చెప్పింది, చూసింది చెబితే తప్పేముంది, అని మనసు తనకు తానే సర్దిచెప్పుకుంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"సరిగ్గా చూశావా దాన్‌బీ?" అంది సన్‌హ్వా, ఎన్నడూ లేనంత మెత్తగా. "సీసా ఎంతుంది? నిండుగా ఉందా? ఇదే మొదటిసారా, ఇంతకు ముందు కూడా చూశావా?"

దాన్‌బి మొహం చూడాలి అప్పుడు! అమ్మ అడుగుతోంది. పనుంది అనకుండా, కళ్ళలోకి చూస్తూ, తర్వాత ఏమైందని అడుగుతోంది. పిల్ల పొంగిపోయింది.

"పేద్ద సీసా అమ్మా! ఇంతకు ముందు కూడా చూశా. చాలాసార్లు! రోజూ పోస్తుంది!"

'రోజూ' అన్నది అప్పటికప్పుడు పుట్టిన ముక్క అని ఏ తల్లికైనా తెలుస్తుంది. సన్‌హ్వాకీ తెలిసింది. ఆమె తల వంచుకుని కాబేజీ రేకుల మధ్య కారం కూరుకుంటూ పోయింది.

"మరదే!" అంది హోసు వాళ్ళమ్మ, చేతి తొడుగులు ఊడదీస్తూ. "నేను దాని కొట్టు గురించి అందరికీ ఏం చెప్పాను? ఇంట్లో పెట్టిన రసం, ముసలి ప్రాణాలకి మంచిదని చెప్పాను. రేపు ఎవరైనా అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కొట్లో సరుకైతే ఆ మాట చెప్పి అమ్ముకోవచ్చు, తప్పేం లేదు. జాడీ చూపించి అమ్మడమేంటి? అలాంటి దాన్ని భవనం గడప తొక్కనిస్తానా?"

అనుకున్నంతా అయింది. సన్‌హ్వా సంతోషించాలి. నోట్లో కారం ఊట మాత్రం ఎందుకో చేదుగా తగిలింది.

"మూతి నిండా కారమే. రా, కడుగుతాను" అని కూతురి రెక్క పట్టుకుని పెరటి మూలనున్న కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. నీళ్ళు మంచులా ఉన్నాయి. దాన్‌బి మొహం అటూ ఇటూ తిప్పుతోంది.

"నిజం చెప్పు. రోజూ చూశావా?"

"...ఒక్కసారే. ఇవాళే."

"మరి రోజూ అన్నావేం?"

"నువ్వు అడిగావుగా" అంది దాన్‌బి. "నీకు నచ్చుతుందనుకున్నా."

సన్‌హ్వా పిల్ల మూతి మళ్ళీ తుడిచింది, కాస్త గట్టిగానే. "సీసా మీద ఏం రాసుంది? ఏ కంపెనీది?"

"ఏం రాసి లేదమ్మా. పాత సీసా. మూతికి గుడ్డ కట్టుంది. సీసా మీద కాగితంతో కత్తిరించిన మేజోడు అంటించుంది, తలకిందులుగా."

"ఏ మేజోడు?"

"మన జాడీ మీద నాయనమ్మ అంటిస్తుందే, పురుగులు పడకుండా! అలాంటిదే. కానీ చిన్నది. బొటనవేలు ఇలా పైకి లేచి ఉంటుంది చూడు, అదే."

కొట్లో అమ్మే సీసాలకి కాగితం మేజోళ్ళు ఎవరూ అంటించరు. అమ్మేసే రసానికి అంత కాపలా అక్కర్లేదు. ఇల్లు విడిచి పోకూడని రసానికే ఆ మేజోడు. బొటనవేలు పైకి వంచి కత్తిరించే చెయ్యి ఈ మేడలో ఒక్కటే ఉంది. ఇప్పుడా చెయ్యి నడుం నొప్పని రెండో అంతస్తులో వెచ్చటి నేల మీద పడుకుని ఉంది.

"దాన్‌బీ. అప్పుడు నాయనమ్మ ఎక్కడుంది?"

పిల్ల కాళ్ళ వేళ్ళతో నీళ్ళు చిమ్మింది. "అక్కడే. జాడీ మూత పట్టుకుంది. కొంచెం కొంచెం పోయవే, అంటోంది పిన్నితో."

"మరి అందరి ముందూ నాయనమ్మ మాటే చెప్పలేదేం?"

"నాయనమ్మ పిన్నితో కూర్చుందంటే నువ్వు మొహం అదోలా పెడతావుగా. అందుకే తీసేశా" అంది దాన్‌బి, అదొక మంచి పనైనట్టు.

చుక్క మిగల్లేదంది! జాడీ పగిలిందంది! తరాల తోడు రసం, తన చేతికి రావలసింది, తను పురిటి నొప్పులు పడి, చాకిరీ చేసి, మోకాళ్ళకి కాపడం పెట్టి సంపాదించుకున్న హక్కు. పై అంతస్తులో అద్దెకున్న దాని జాడీలో గడగడా పోసేసిందా! సన్‌హ్వా కుళాయి కట్టడం మరిచిపోయి నిలబడింది. ఇందాకటి ఈర్ష్య దీని ముందు ఓ లెక్కలోది కాదు. పులుసు గిన్నె చూసి, నవ్వు చూసి కుళ్ళుకుంది ఇన్నాళ్ళూ. అసలు దోపిడీ తన నెత్తి మీదున్న డాబాపైనే జరుగుతోంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. మిరాన్ ఏ తప్పూ చేయలేదు. ఆ మాట చెప్పగలిగింది ఇక్కడ తనొక్కతే. చెప్పాలంటే అందరి ముందూ నోరు తెరిచి, 'మా అత్తగారు మా ఇంటి తోడు రసం నాకివ్వకుండా ఆమెకి ఇచ్చిందండీ' అనాలి. హోసు వాళ్ళమ్మ ముందు! కోడలిగా తనని అత్తగారు ఎంత తక్కువ చూసిందో తనే అందరికీ చూపించాలి. దానికంటే నాలుక కోసుకోవడం నయమనిపించింది.

వెనక నుంచి వెచ్చటి ఆవిరి వాసన వచ్చింది. మిరాన్ దిగుతోంది. కిమ్చి రోజున అందరికీ పంది మాంసం ఉడికించి పెట్టే వంతు ఈసారి ఆమెది. పళ్ళెం నిండా ముక్కలు పొగలు కక్కుతున్నాయి.

"రండక్కా, చల్లారితే బాగుండదు" అంది సన్‌హ్వాతో నవ్వుతూ. ఆ 'అక్కా' వినగానే ఎప్పటిలాగే సన్‌హ్వాకి ఒళ్ళు మండింది. కూతురి చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి నడిచింది.

పళ్ళెం మధ్యలో పెట్టినా ఎవరూ ముక్క తీసుకోలేదు. మిరాన్ ఒక్కొక్కరి మొహం చూసింది. "ఏంటి, ఉప్పెక్కువైనట్టు చూడగానే తెలిసిపోతోందా?"



"మిరాన్, నాకు నాన్చడం రాదు, మొహం మీదే అడిగేస్తా" అంది హోసు వాళ్ళమ్మ. "ఇవాళ పొద్దున్న డాబా మీద నీ జాడీలో సీసాతో రసం పోశావా, లేదా?"

మిరాన్ మొహంలో రంగు మారింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం? పోశావా?"

"...పోశాను."

"ఏంటది? ఎక్కడిది?"

మిరాన్ దాన్‌బి వైపు చూసింది. పిల్ల తల్లి వెనక్కి జరిగింది. అప్పుడు సన్‌హ్వా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉన్నా సన్‌హ్వా తట్టుకునేది. జాలి ఉంది. నీకు తెలిసిపోయిందా అక్కా, అన్నట్టుంది.

"కొట్లో కొన్నదేనండీ" అంది మిరాన్.

గుసగుసలు లేచాయి. "చూశారా!" అంది మొదటి అంతస్తు ముసలావిడ. హోసు వాళ్ళమ్మ నిట్టూర్చింది. "చివరికి ఒప్పుకున్నావ్, అంతవరకు నయం. భవనం సంగతి మాత్రం ఇక మర్చిపో తల్లీ. నన్ను తిట్టుకోకు."

"అలాగేనండీ" అంది మిరాన్. గొంతు వణికింది. అయినా వంగి, పళ్ళెంలో పక్కకి జారిన ముక్కలు సర్దింది.

సన్‌హ్వా చెవులు హోరెత్తాయి. అబద్ధం! పచ్చి అబద్ధం ఆడుతోంది! కడుపు మీద తనే కొట్టుకుంటోంది. ఎవరి కోసం? మా అత్తగారి మాట కోసమా? లేక, ఛీ, నా పరువు కోసమా? అత్తగారి నమ్మకం దీనికే, మొగుడి మెప్పు దీనికే, చివరికి అందరి ముందూ మంచిదనిపించుకునే అవకాశం కూడా దీనికేనా? ఆ మంచితనాన్ని చూసి కూడా సన్‌హ్వా కుళ్ళుకుంది. ఇంకా చెప్పాలంటే, దాన్ని చూసే ఎక్కువ కుళ్ళుకుంది.

"కాదు!"

అందరూ అటు తిరిగారు. దాన్‌బి తల్లి వెనక నుంచి బయటికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మిరాన్ పిన్ని గొంతు వణకడం పిల్ల ఎప్పుడూ వినలేదు.

"కాదు పిన్నీ, కొట్లోది కాదుగా! ఆ సీసా మీద మేజో..."

సన్‌హ్వా చెయ్యి తనంతట తనే కదిలింది. తొట్టిలోంచి ఇంత కారపు ఆకు లాగి, చుట్ట కూడా సరిగ్గా చుట్టకుండా, కూతురి నోట్లో కుక్కేసింది. "తిను! ఇందాకట్నుంచి వాగుతూనే ఉన్నావ్. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

దాన్‌బి బుగ్గలు ఉబ్బిపోయాయి. కారం ముక్కులోకి ఎక్కి దగ్గొచ్చింది. ఆడవాళ్ళు "నీళ్ళు, నీళ్ళు" అన్నారు. మిరాన్ మాత్రం కదలకుండా సన్‌హ్వానే చూస్తోంది.

మెట్ల దగ్గర చెక్క చెప్పుల చప్పుడైంది.

సన్‌హ్వా అత్తగారు ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఉంది. హోసు వాళ్ళమ్మ గొంతు రెండో అంతస్తు దాకా రావడానికి పెద్ద కష్టమేముంది? ఆవిడ ఎప్పుడు దిగిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో ఎవరూ గమనించలేదు. రెండో చేత్తో గుండెకి ఆనించి పాత సీసా ఒకటి పట్టుకుంది. మూతికి గుడ్డ, ఒంటి మీద తలకిందుల కాగితం మేజోడు, బొటనవేలు పైకి.

హోసు వాళ్ళమ్మ ఆ సీసా చూసింది. మిరాన్‌ని చూసింది. తర్వాత నెమ్మదిగా సన్‌హ్వా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, వద్దు" అంది మిరాన్.

"నువ్వాగు" అంది అత్తగారు. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, సీసాని మాంసం పళ్ళెం పక్కన పెట్టింది. కోడలి మొహం కేసి చూడనైనా చూడలేదు. మనవరాలి ముందు కష్టపడి చతికిలబడి, తన మెడ గుడ్డతో పిల్ల కళ్ళు తుడిచింది.

"తొందర్లేదు నా తల్లీ. ముందు అది నమిలి మింగు. మింగాక, ఇందాక నీ నోట్లో మీ అమ్మ ఆపేసిన మాట ఉందే, అది చెప్పు."

దాన్‌బి బుగ్గ నిండా ముద్దతో అమ్మ మొహంలోకి చూసింది. ఇప్పుడు ఏం చెబితే అమ్మకి నచ్చుతుందో వెతుక్కుంటోంది.